ఎదురెదురు పుటల మధ్య: ద్విభాషా విజ్ఞానవాచకం, ప్రకృతినామాలు, పిల్లల ప్రశ్న

వ్యాససంగ్రహం

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ పాఠశాలల్లో ద్విభాషా పాఠ్యపుస్తకాలు ప్రవేశించడంతో విజ్ఞానశాస్త్రాన్ని రెండు భాషల్లో చదివే తరం ఒకటి రూపొందుతున్నది. ఒక పుటలో తెలుగును, ఎదుటి పుటలో ఇంగ్లీషును నిలిపే ఈ పద్ధతి పిల్లల్లో ప్రకృతిపట్ల, విజ్ఞానంపట్ల మక్కువను పెంచగలదా, లేక ఒక భాష నుంచి మరొక భాషకు దాటించి తీసివేసే తాత్కాలిక వంతెనగానే మిగులుతుందా అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. హైదరాబాదులోని షేక్‌పేట పరిసరాలను నేపథ్యంగా తీసుకొని, తెలుగు బాలవిజ్ఞాన రచనాసంప్రదాయాన్ని దృష్టిలో ఉంచుకొని, పారిభాషికపదానికీ ఇంటిపదానికీ మధ్య ఉన్న ఎడాన్ని కొన్ని ఉదాహరణలతో పరిశీలించడం ఇందులో జరిగింది.

కీలకపదాలు: ద్విభాషా పాఠ్యపుస్తకం, బాలవిజ్ఞాన సాహిత్యం, పారిభాషికపదాలు, ప్రకృతినామాలు, షేక్‌పేట.

1. ఉపోద్ఘాతం: పైకి రెండు గుండ్లు

హైదరాబాదు జిల్లా షేక్‌పేట మండలంలో ఊరిపేర్లే ఒక భాషాపాఠం. షేక్‌పేటలో ఉర్దూ పలుకుబడి గల పూర్వపదం తెలుగు ‘పేట’తో కలిసింది. బంజారా హిల్స్‌లో లంబాడీల జాతినామం ఇంగ్లీషు కొండలను ఎక్కింది. కొంచెం అవతల గుట్టల బేగంపేట ఉన్నది. ఈ పేర్లలో పెరిగే పిల్లలు ఏకభాషులు కారు. ఇంట్లో తెలుగో, దక్కనీ ఉర్దూయో, లంబాడీయో వింటారు. బడిలో ఇంగ్లీషు చదువుతారు. వీధిలో అన్నీ కలిపి మాట్లాడతారు. ద్విభాషా శిశువు అనగానే మన పరిశోధకుల దృష్టి న్యూజెర్సీకో, కాలిఫోర్నియాకో పోతుంది. ప్రవాసాంధ్రుల పిల్లల సమస్య నిజమైనదే. కానీ ఫిల్మ్‌నగర్ బస్తీలోని పిల్లవాడు వారికంటె ఎక్కువ భాషల మధ్య, తక్కువ పుస్తకాల మధ్య పెరుగుతున్నాడన్న విషయం మన చర్చల్లోకి రాదు.

ఈ ప్రాంతానికి ప్రకృతి కరవేమీ లేదు. జూబిలీ హిల్స్ నడిబొడ్డున 1998లో జాతీయోద్యానంగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానం ఉన్నది. అక్కడ నెమళ్ళ కూత ట్రాఫిక్ మోతను దాటి వినిపిస్తుంది. చుట్టూ ఉన్న గ్రానైటు రాళ్ళ వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఒకదానిపై ఒకటి పేర్చినట్లు కనిపించే గుండ్లను ఎవరూ పేర్చలేదు. భూమిలోని ఒకే బండ పగుళ్ళ వెంట నీరు దిగి, అంచులు కరిగి, ఉల్లిపొరల్లా పెచ్చులు ఊడి, పైమట్టి కొట్టుకొనిపోగా మిగిలిన గుండ్లవి. పైకి రెండుగా కనిపించేవి అడుగున ఒకే బండ.

ద్విభాషా విద్యపై జిమ్ కమిన్స్ 1979లో ప్రతిపాదించిన పరస్పరాధార సిద్ధాంతం సారాంశం కూడా దాదాపు ఇదే. ఆయన నీటిపై రెండు శిఖరాలుగా తేలే మంచుకొండను ఉపమానంగా చెప్పాడు. మంచుకొండను చూడని మనకు షేక్‌పేట గుండ్లు చాలు. ఒక భాషలో గట్టిపడిన భావన రెండవ భాషలోకి చేరగలదు. మళ్ళీ మొదటినుంచి నేర్వనక్కరలేదు. అయితే అడుగున బండ ఏర్పడకముందే పైన రెండు గుండ్లు నిలపాలని చూస్తే ఏమవుతుందన్నదే మన ఎదుట ఉన్న సమస్య.

2. డబ్బింగ్ వాక్యం

జాతీయ విద్యావిధానం 2020 తన 4.14వ పేరాలో, విజ్ఞాన గణితశాస్త్రాలకు నాణ్యమైన ద్విభాషా పాఠ్యపుస్తకాలు తయారు చేయాలని, విద్యార్థులు ఆ విషయాలను ఇంటిభాషలోనూ ఇంగ్లీషులోనూ ఆలోచించి మాట్లాడగలగాలని సూచించింది. ఆంధ్రప్రదేశ్ 2020–21లోనూ, తెలంగాణ 2022–23లోనూ ఇటువంటి పుస్తకాలను ప్రవేశపెట్టాయి. రెండు చోట్లా సందర్భం ఒకటే: ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని విస్తరించడం. విధానపత్రం కోరినది రెండు భాషల్లో ఆలోచించడం. ఆచరణకు వచ్చినది ఒక భాష నుంచి మరొక భాషకు మారడం. ఈ రెండూ ఒకటి కావు. పుస్తకం ఒకటే అయినా, దాన్ని తెరిచే ఉద్దేశం వేరైనప్పుడు తెలుగు పుట సహాయగైడుగా మారుతుంది. ఇంగ్లీషు పుట అర్థం కానప్పుడు చూడవలసిన పుట, అర్థమైన రోజున చూడనక్కరలేని పుట అవుతుంది.

ఎదురెదురు పుటల పద్ధతికి రచనాపరంగా ఒక నిర్బంధం ఉన్నది. బొమ్మలు రెండు పుటల్లోనూ ఒకే చోట ఉండాలి, పాఠం ఒకే వరుసలో ముగియాలి. ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లలో సంభాషణలు రాసేవారికి ఈ నిర్బంధం బాగా తెలుసు. పాత్ర పెదవి మూసినచోట మాట ముగియాలి, తెరిచినచోట అచ్చు పడాలి. మంచి డబ్బింగ్ రచయిత ఆ ఇరుకులోనే తెలుగు నుడికారాన్ని దూరుస్తాడు. సాధారణ రచయిత పెదవులను కలుపుతాడు గాని ప్రేక్షకుడిని కలుపుకోలేడు. ద్విభాషా వాచకంలోని తెలుగు వాక్యం తరచు ఈ రెండవ రకానికి చెందుతుంది. ‘చేయబడును’, ‘అనబడును’, ‘కలిగి ఉంటాయి’ వంటి క్రియలు ఇంగ్లీషు వాక్యపు పెదవులకు సరిపోతాయి. మొక్కలు ఆకులను ‘కలిగి ఉంటాయి’ అని ఏ తెలుగు ఇంట్లోనూ ఎవరూ అనరు. మొక్కకు ఆకులుంటాయి. అంతే.

(ఈ వ్యాసంలోనూ ‘ప్రకటింపబడిన’ అన్న మాట వచ్చింది. పరిశోధనవ్యాసపు తెలుగు కూడా ఏదో ఒక పెదవికి అతుకుతున్న తెలుగే అని ఒప్పుకోవలసి ఉంది.)

ఇంతకంటె మెరుగైన నమూనా తెలుగులో లేకపోలేదు. హైదరాబాదులోని మంచి పుస్తకం సంస్థ ప్రచురించే ద్విభాషా బొమ్మల పుస్తకాల్లో రెండు భాషలూ ఒకే బొమ్మ కింద కలిసి ఉంటాయి. వాక్యాలు చిన్నవి, పుట తేలిక. బొమ్మ ముందు, మాటలు తర్వాత. పిల్లవాడి కన్ను ఏ భాషలో ఆగాలో పుస్తకం ఆజ్ఞాపించదు. పాఠ్యపుస్తకానికి సిలబస్ భారం ఉన్నది కనుక ఈ పోలిక పూర్తిగా న్యాయం కాదు. అయినా పుట అమరిక ఒక భాషను మెట్టుగా, మరొకదాన్ని మేడగా మార్చగలదన్న సంగతి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

3. క్షారం, కారం, ఎర్రనీళ్ళు

పారిభాషికపదాల చర్చ మనకు కొత్త కాదు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, పదార్థవిజ్ఞానం తెలుగులో రాయించింది. అదే నగరంలో, 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం దారుల్ తర్జుమా పండితులు అరబ్బీ, పారశీక ధాతువుల నుంచి ఉర్దూలో శాస్త్రపదాలు నిర్మించారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి సంస్కృతధాతువులతో ఆ పని సాగించింది. భారతీయభాషలో ఉన్నతవిజ్ఞానం సాధ్యమేనని ఈ ప్రయత్నాలు నిరూపించాయి. అయితే అరబ్బీ ధాతువు గాని, సంస్కృత ధాతువు గాని పదేళ్ళ పిల్లకు ఇంటిమాట కాదన్న విషయాన్ని అవి పట్టించుకోలేదు. వాటి పాఠకుడు పెద్దవాడు. ఆ పట్టింపు వాటి నుంచి ఆశించడం కూడా సబబు కాదేమో.

ఆమ్లాలు–క్షారాల పాఠాన్నే తీసుకొందాం. ‘క్షారం’ అన్న మాట విన్న పిల్లకు మొదట తోచేది మిరపకారం. ఆ తోపు పూర్తిగా తప్పు కాదు. ‘కారం’ అన్నది ‘క్షారం’కు తద్భవమే. అర్థం మాత్రం వంటింట్లోకి వచ్చేసరికి మారిపోయింది. ఎదుటి పుటలోని ‘బేస్’ కూడా ఇంతకంటె సుఖమైన మాట కాదు. ఇంగ్లీషులో అది పునాదికి కూడా పేరు. అంటే రెండు పుటలూ ఒకే పదానికి రెండు తెరలు. రెండింటినీ కంఠస్థం చేసిన విద్యార్థికి రెండు మాటలు వస్తాయి, ఒక భావన రాదు.

ఆ భావన ఇంట్లోనే ఉన్నది. పసుపునీళ్ళలో సున్నం కలిపితే ఎర్రబడుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్ళు అవే. పసుపుమరక పడిన బట్టకు సబ్బు రాస్తే మరక ఎర్రనవుతుంది. నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపుపచ్చగా మారుతుంది. పసుపు సూచిక అనీ, సున్నం, సబ్బు క్షారగుణం గలవనీ పాఠంలో ఉంటుంది. పసుపు ప్రయోగం కూడా పాఠాల్లో కనిపిస్తుంది. కాని ఎర్రనీళ్ళు ఉండవు. పూర్వం చాకలి బట్టలుతకడానికి తెచ్చిన చౌడు ఉండదు. చౌడునేల అంటే ఏమిటో తెలిసిన రైతుబిడ్డకు క్షారం సగం తెలిసినట్లే. పుస్తకం ఆ సగాన్ని అడగదు. దిష్టి అన్న మాట వస్తే మూఢనమ్మకాన్ని ప్రోత్సహించినట్లవుతుందన్న జంకు పాఠ్యపుస్తక రచయితలకు ఉండవచ్చు. నా అభిప్రాయం ఇందుకు భిన్నం. హారతిపళ్ళెంలో రంగు ఎందుకు మారిందని అడిగిన పిల్ల, ఆ పళ్ళేన్ని మునుపటిలా చూడదు. నమ్మకాన్ని ఖండించే ఉపన్యాసం కంటె ఒక నిమ్మచెక్క బలమైనది.

రెండు భాషలు ఎదురెదురుగా ఉండడం వల్ల నిజమైన లాభం కలిగే చోట్లు కూడా ఉన్నాయి. భౌతికశాస్త్రంలో ‘పని’ అన్న మాట తెలుగులోనూ, ‘వర్క్’ అన్నది ఇంగ్లీషులోనూ రోజువారీ మాటలే. బియ్యం మూట నెత్తిన పెట్టుకొని గంటసేపు కదలకుండా నిలబడినవాడు మూటపై ఏ పనీ చేయలేదని శాస్త్రం చెప్పినప్పుడు రెండు భాషల పిల్లలూ ఒకేలా నివ్వెరపోతారు. ‘బలం’, ‘శక్తి’ ఇంట్లో పర్యాయపదాలు, పాఠంలో కావు. శాస్త్రం తెలుగుతోనూ ఇంగ్లీషుతోనూ సమానంగా తగవు పడుతుందని, అది ఏ భాషకూ సొంతం కాదని రెండు పుటలను పోల్చి చూపగల ఉపాధ్యాయుడు పిల్లలకు చెప్పగలడు. ఆ పోలికను ప్రేరేపించే ఒక ప్రశ్న అయినా పాఠం చివర ఉండాలి. వేల్స్‌లో సెన్ విలియమ్స్ 1990లలో ప్రతిపాదించిన పద్ధతి ఇటువంటిదే: ఒక భాషలో చదివించి, మరొక భాషలో చెప్పించడం. ఒక పుటను మరొకదాన్ని కప్పడానికి వాడకుండా, ఒకదాని నుంచి మరొకదానికి పిల్లలను నడిపించడం.

4. ‘కథ’ అన్న శీర్షిక

తెలుగు బాలవిజ్ఞాన రచయితల్లో మహీధర నళినీమోహన్ తన పుస్తకాలకు పెట్టిన పేర్లు గమనింపదగినవి: క్యాలెండర్ కథ, నిప్పు కథ, పిడుగుదేవర కథ. మాస్కోలో చదివి, ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో పనిచేసిన భౌతికశాస్త్రవేత్త తన శాస్త్రానికి ‘కథ’ అని పేరు పెట్టడం అలంకారం కోసం కాదు. నిర్వచనంతో మొదలయ్యే పాఠం జవాబుతో మొదలవుతుంది. కథతో మొదలయ్యేది, ఎవరో ఒకరు ఏదో ఒకటి తెలియక తికమకపడిన చోట మొదలవుతుంది. పిడుగును దేవర అనడంలో పాత భయం ఉన్నది, దాన్ని పుస్తకం వెక్కిరించదు. అక్కడి నుంచే నడక ప్రారంభిస్తుంది.

కొడవటిగంటి రోహిణీప్రసాద్‌ది వేరొక మార్గం. చందమామను దీర్ఘకాలం నడిపిన కుటుంబరావు కుమారుడు, భాభా అణుపరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త అయిన ఆయన, వాడుకభాషకు దగ్గరగా ఉండే వచనంలో విశ్వాన్ని, మానవపరిణామాన్ని వివరించాడు. అమెరికాలో ఆచార్యుడిగా ఉంటూ తెలుగులో శాస్త్రం రాసిన వేమూరి వేంకటేశ్వరరావు కొత్తమాటల నిర్మాణంపై ఎక్కువ శ్రద్ధ పెట్టి నిఘంటువే కూర్చాడు. మాట పుట్టించాలా, అరువు తెచ్చుకోవాలా అన్న వివాదంలో ఈ ఇద్దరినీ చెరొక వైపు నిలబెట్టడం పరిశోధకులకు సులభం. పిల్లల వైపు నుంచి చూస్తే ఆ వివాదానికి అంత విలువ లేదు. ‘ఆక్సిజన్’ అన్నా ‘ప్రాణవాయువు’ అన్నా పిల్లలు నేర్చుకుంటారు. వారిని ఆపేది పదం కాదు, వాక్యం. ఇది విమర్శలో మనం తగినంతగా చెప్పలేదని నా అభిప్రాయం: మన శాస్త్రభాషాచర్చ నూరేళ్ళకు పైగా నామవాచకాల చుట్టూనే తిరిగింది, క్రియను ఎవరూ పట్టించుకోలేదు.

జన విజ్ఞాన వేదిక నడిపే ‘చెకుముకి’ పత్రిక పేరును ఇక్కడ తలచుకోవాలి. చెకుముకిరాయి నిప్పు పుట్టించేది. పిల్లలకు శాస్త్రాన్ని తెలుగులో ఇస్తూ, బడుల మధ్య పోటీలు నిర్వహిస్తూ ఆ పత్రిక చేసిన సేవ పెద్దది. అయితే పోటీపరీక్ష వైపు మొగ్గే కొద్దీ ఏ పత్రికైనా ప్రశ్నలు అడిగేదిగా మారి, పిల్లలు జవాబులు చెప్పేవారుగా మిగిలే ప్రమాదం ఉన్నది. ఆ ప్రమాదం చెకుముకి ఒక్కదానిదే కాదు.

5. ఆరుద్రపురుగుకు ఎన్ని కాళ్ళు?

రేచెల్ కార్సన్ 1956లో రాసిన వ్యాసంలో తన అక్క కూతురి కొడుకు రోజర్‌ను వెంటబెట్టుకొని మెయిన్ రాష్ట్రపు సముద్రతీరంలో, అడవిలో తిరిగిన రోజులను చెప్పింది. పిల్లలకు పేర్లు నేర్పడం కంటె ఆశ్చర్యాన్ని నిలపడం ముఖ్యమని ఆమె వాదన. ప్రకృతివిద్యపై వచ్చే రచనల్లో ఈ మాట దాదాపు ఆప్తవాక్యంగా మారింది. ఒకే భాషలో పెరిగే పిల్లవాడికి ఇది సరిపోవచ్చు. రెండు మూడు భాషల మధ్య పెరిగే పిల్లలకు పేరే ఆశ్చర్యానికి వాకిలి అవుతుందన్నది నా భిన్నాభిప్రాయం.

తొలకరి తర్వాత వికారాబాదు వైపు ఒక ఊరిలో, షేక్‌పేట నుంచి సెలవులకు వెళ్ళిన పిల్లకూ, ఆమె అమ్మమ్మకూ మధ్య జరిగిన సంభాషణ నాకు తెలుసు. ఎర్రమట్టిలో మఖమల్ ముక్కలా కదులుతున్నదాన్ని చూపి పిల్ల అడిగింది: “అమ్మమ్మా, ఇదేంటి?”

“ఆరుద్రపురుగు బిడ్డా. ఆరుద్ర కార్తె వస్తున్నదన్నట్టు.”

పిల్ల దాన్ని ఆకు మీదికి ఎక్కించుకొని చాలాసేపు చూసింది. “దీనికి ఎనిమిది కాళ్ళున్నయి అమ్మమ్మా. ఇన్‌సెక్ట్‌కు ఆరే ఉండాలె.”

“కాళ్ళు నేనెప్పుడు లెక్కవెట్టలే బిడ్డా.”

ఇందులో ఇద్దరూ ఒకరికి తెలియనిది మరొకరికి ఇచ్చారు. అమ్మమ్మ చెప్పిన పేరులో పంచాంగం ఉన్నది. సూర్యుడు ఆర్ద్రా నక్షత్రంలో ప్రవేశించే జూన్ 22 ప్రాంతంలో ఆ కార్తె మొదలై సుమారు రెండు వారాలు ఉంటుంది. ఆర్ద్రమంటే తడిసినది. ఆ నక్షత్రమే పాశ్చాత్యులు బెటెల్‌గూస్ అనే ఎర్రని తార. ఆ రోజుల్లో సూర్యుడి దగ్గర ఉండడం వల్ల రాత్రి అది కనిపించదు. చలికాలంలో వేటగాడి నక్షత్రమండలంలో కనిపిస్తుంది. ఇంగ్లీషు పేరు ‘రెడ్ వెల్వెట్ మైట్’. అందులో కాలం లేదు, స్పర్శ ఉన్నది, వర్గం ఉన్నది: మైట్ కీటకం కాదు, సాలీడుకు, తేలుకు బంధువు. పెద్దదానికి ఎనిమిది కాళ్ళు, పిల్లదశలో ఆరే. ఆ దశలో అది కీటకాలను అంటిపెట్టుకొని బతుకుతుంది. తెలుగు ‘పురుగు’ ఈ తేడాను చూపదు. ఇంగ్లీషు పేరు వానను చూపదు. షేక్‌పేట ఉర్దూ ఇళ్ళలో దీన్ని ‘బీర్ బహూటీ’ అంటారు.

ఈ పేర్లు ఒకదానికొకటి అనువాదాలు కావన్నది గమనించాలి. ఒక్కొక్కటి ఒక్కొక్క పరిశీలన. పాలపిట్ట విషయమూ ఇంతే. 2014లో తెలంగాణ రాష్ట్రపక్షిగా నిర్ణయింపబడిన ఈ పిట్టను తెలుగు సంప్రదాయం దసరాతో ముడిపెట్టింది; ఇంగ్లీషు పేరు ‘రోలర్’, అది గాలిలో వేసే పల్టీల నుంచి వచ్చింది. దసరానాడు పంజరంలో పట్టితెచ్చి చూపే పాలపిట్టలో సంప్రదాయమూ మిగలదు, పల్టీ అసలే మిగలదు. రెండవ పేరు తెలిసిన పిల్ల, పంజరాన్ని చూసి ఇది పల్టీ ఎలా కొడుతుందని అడగవచ్చు.

ఆక్స్‌ఫర్డ్ బాలల నిఘంటువు 2007 ముద్రణలో కింగ్‌ఫిషర్ వంటి ప్రకృతిపదాలు తొలగించారని ఇంగ్లండులో పెద్ద దుమారం రేగింది; 2017లో రాబర్ట్ మెక్‌ఫర్లేన్, జాకీ మోరిస్ ఆ పోయిన మాటల కోసమే ఒక పుస్తకం చేశారు. తెలుగులో లకుముకిపిట్ట, జెముడుకాకి, పికిలిపిట్ట, గిజిగాడు ఎవరూ తొలగించకుండానే తొలగిపోతున్నాయి. మన దగ్గర దుమారం లేకపోవడానికి కారణం, తొలగించడానికి ప్రతి బడిసంచిలో ఉండే తెలుగు బాలనిఘంటువే లేకపోవడం.

6. ఖాళీ గడి

ఈ పత్రికను చదివే మనలో అధ్యాపకులే ఎక్కువ. మాతృభాషలో శాస్త్రం అవసరమని పత్రసమర్పణ చేసి, సాయంత్రం మన పిల్లల ఇంగ్లీషు హోంవర్క్ చూస్తాం. ఇది నేరం కాదు, అందరి పరిస్థితీ ఇదే. అయితే ఆ హోంవర్క్ దగ్గర పిల్ల తెలుగులో అడిగిన ప్రశ్నకు, పరీక్షలో పనికివస్తుందని ఇంగ్లీషులో జవాబు చెప్పినప్పుడు ఏదో తెగుతుంది. నేను కూడా అలా చెప్పినవాణ్ణే. రెండవసారి అదే ప్రశ్న పిల్ల ఇంగ్లీషులో అడిగింది. మూడవసారి అడగలేదు.

పర్లాకిమిడిలో సవర పిల్లలకోసం సవరలోనే వాచకాలు రాసి బడులు నడిపిన గిడుగు రామమూర్తి, తెలుగు వారికి వ్యావహారికభాషోద్యమ నాయకుడిగానే ఎక్కువగా గుర్తున్నాడు. ఆయన రెండు పనుల వెనుకా ఉన్న బోధనాసూత్రం ఒకటే: బడి పిల్లవాడి నోటి దగ్గరకు రావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 తర్వాతి దశకంలో గోండి, కోయ, కొలామి, సవర, బంజారా మొదలైన ఎనిమిది భాషల్లో చేపట్టిన బహుభాషా విద్యాకార్యక్రమం ఆ దారిలోనిదే. ద్విభాషా పాఠ్యపుస్తకం దాన్ని మరచి, పిల్లలందరి ఇంటిభాష అచ్చుతెలుగే అన్నట్లు ప్రవర్తిస్తున్నది.

కనుక నా సూచన చిన్నది. పరిసరాల విజ్ఞానం, జీవశాస్త్రపాఠాల్లో రెండు పుటల మధ్య ప్రతి జీవి బొమ్మ కింద ఒక ఖాళీ గడి వదలాలి: ‘మీ ఇంట్లో దీన్ని ఏమంటారు? ఎందుకు అంటారు?’ దీనికి మార్కులు ఉండకూడదు. మార్కులుంటే గైడులో జవాబు అచ్చవుతుంది. ఉపాధ్యాయుడికి సమయం ఎక్కడిదన్న అభ్యంతరం సరైనదే. ఏడాదికి పది గడులు నిండినా చాలు. ఒక తరగతిలో నిండిన గడులను వరుసగా రాసి పెట్టుకొంటే అది ఆ ప్రాంతపు ప్రకృతినామకోశమవుతుంది. పిహెచ్‌డి స్థాయిలో ఇటువంటి సేకరణకు మన తెలుగుశాఖలు, జంతు వృక్షశాస్త్రశాఖలు కలిసి పూనుకొనే అవకాశం కూడా ఉన్నది.

షేక్‌పేట బడిలో ఆరుద్రపురుగు బొమ్మ కింద గడిలో మూడు పేర్లు నేను రాయగలను. లంబాడీలో దాన్ని ఏమంటారో నాకు తెలియదు. ఆ గడిని నింపవలసింది మూడో బెంచీలో కూర్చున్న బంజారా పిల్ల. తెలియకపోతే రేపు వాళ్ళ అవ్వను అడిగి వస్తుంది.